ఏడంగుళాల రికార్డు, ఐదు వారాలు

నిన్న సాయంత్రం మా పై వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి సెల్‌ఫోను పట్టుకుని దిగివచ్చాడు. పాత పాటల రికార్డులు కొనే సరదా ఆయనకు కొత్తగా పట్టుకుంది. వాటిని కడిగే యంత్రాల బొమ్మలు నాలుగైదు చూపించి, "మీరు దుబాయిలో ఉండగా ఇలాంటిది కొన్నారటగా సార్, మరీ ఖరీదైనది వద్దు, మరీ నాసిదీ వద్దు, మధ్యరకంలో ఏది మంచిదో చెప్పండి" అన్నాడు. నీళ్ళు పీల్చే గొట్టం పొడవు దగ్గర్నుంచి మోటారు ఎన్ని నిమిషాలకు వేడెక్కుతుందనే దాకా ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. అన్నీ చెప్పాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. నేను మాత్రం ముందున్న కాఫీ చల్లారిపోయి మీగడ కట్టేదాకా అలాగే కూర్చుండిపోయాను.

దుబాయి అని మావాళ్ళు అనడమే గానీ నేనున్నది అబూ ధాబీలో. 2007లో ముసఫ్ఫాలో ఒక నీటి పరీక్షల ల్యాబులో పని చేసేవాణ్ణి. నివాసం మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, మా అక్కా బావల ఇంట్లో. ఇల్లంటే ఒక పెద్ద విల్లాను చెక్క గోడలతో ఆరు వాటాలు చేస్తే అందులో ఒకటి. పక్కవాళ్ళు పోపు పెడితే మేం తుమ్మేవాళ్ళం. బావ మఫ్రఖ్ దగ్గర రోడ్డు పనుల్లో సర్వేయరు. పొద్దున ఐదింటికి వెళ్ళి, ఒళ్ళంతా ఇసుక రాలుస్తూ మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాడు. అక్క ఆ ఇసుకను రోజూ ఊడ్చి, రోజూ ఆయన్ను తిట్టేది. ఆయన "ఎడారిలో పని చేసేవాడికి మల్లెపూలు రాలతాయా?" అనేవాడు. అక్కకు దేవుడి గూడు ఉండేది. నాకు ఆ గూటితో నిత్యం వాదం ఉండేది. మా నాన్న సంఘసంస్కరణ సభల్లో మాట్లాడిన మనిషి. ఆ నోరు నాకు వచ్చింది, ఆ సహనం రాలేదు.

అక్కకు చిన్నప్పుడే ఎడమ చెవి పోయింది, విషజ్వరంలో. ఆ సంవత్సరం కుడి చెవిలో హోరు మొదలైంది. స్కాన్ తీసి, వినికిడి నరం మీద గడ్డ పెరుగుతోందన్నారు. తీయకపోతే ప్రాణానికే ముప్పు, తీస్తే ఆ నరమూ పోతుంది. ఆపరేషన్‌కు ఆరు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఈలోపల కూడా వినికిడి తగ్గుతూ వస్తుందని డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. ఇంటికి వచ్చాక అక్క చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచి, చీరల మధ్య నుంచి ఒక చిన్న రికార్డు తీసింది. "ఒరేయ్, అమ్మ పాట ఒక్కసారి వినాలిరా" అంది.

ఆ రికార్డు సంగతి చెప్పాలి. నేను మూడో తరగతిలో ఉండగా మా ఊరి మహిళా సంఘం నుంచి ఐదుగురు ఆడవాళ్ళు మద్రాసు వెళ్ళి ఒక పాట పాడి వచ్చారు. ఏడంగుళాల వినైల్ రికార్డు. రెండో చరణం అమ్మ ఒక్కతే పాడింది. భర్త పోయిన ఆడదాని నుదుట బొట్టు ఎందుకుండకూడదని నిలదీసే పాట. మరుసటి ఏడు నాన్న పోయాడు. పదో రోజున అమ్మ బొట్టు చెరిపారు. ఆ పాట రాసిన పెద్దమనిషి ఆ పూట మా వసారాలోనే ఉన్నాడు. తల దించుకుని తువ్వాలు అంచు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు తప్ప లేచి ఒక్క మాట అనలేదు. సంస్కర్తల ధైర్యం ఎక్కడిదాకా ఉంటుందో నాకు ఎనిమిదేళ్ళకే తెలిసింది. అమ్మ ఆ తర్వాత పాడలేదు. ఆమె గొంతు అంటూ లోకంలో మిగిలింది ఆ ఒక్క చరణమే.

దాన్ని వేసి వినడానికి మా దగ్గర ప్లేయరు లేదు. ఉమ్ అల్ క్వైన్‌లో మోటార్లు చుట్టే కడప భాయ్ ఒకాయన పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాడని బావకు ఎవరో చెప్పారు. శుక్రవారం ముగ్గురం కారులో వెళ్ళాం. భాయ్ రాగి తీగల కుప్ప పక్కకు తోసి, ఒక ప్లేయరు బల్ల మీద పెట్టి, మా రికార్డు వేశాడు. మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఆ చప్పుడు వెనక ఎక్కడో ఆడగొంతులు. అక్క కుడి చెవిని స్పీకరుకు ఆనించి, "అదుగో, అదే, అమ్మే!" అని అరిచింది. నా చొక్కాను గుప్పిట్లో పట్టుకుని ఉంది. అమ్మ చరణం సగంలో సూది ఎగిరి ఆవలకు పడింది. భాయ్ భూతద్దం పెట్టి చూసి, "ఇది దుమ్ము కాదు సార్. గంధం. గాడీల్లో, ఈ సన్న గీతల్లో, పసుపు గూడ ఉండాది" అన్నాడు.

నేను అక్క వైపు తిరిగాను. రికార్డుకు బొట్టు పెట్టేవాళ్ళను చూశారా మీరెక్కడైనా? ప్రతి దసరాకూ పెట్టిందట, పాతికేళ్ళుగా. తడి గంధం జారి, ఎండి, గాడీల్లో రాయిలా బిగిసింది. ఆ దుకాణంలోనే నేను అందుకున్నాను. ప్లాస్టిక్ బిళ్ళకు పూజేమిటి, నీ భక్తి అమ్మ గొంతు నులిమింది గదా అని ఏవేవో అన్నాను. వేదిక మీదైతే చప్పట్లు పడేవి. అక్క నా పెదవుల వంక చూస్తూ అంతా విని, మెల్లగా అంది: "రికార్డుకు ఎందుకు పెడతానురా? అమ్మకు పెట్టాను. ఆమె ఉన్నన్నాళ్ళూ ఎవరూ పెట్టనివ్వలేదుగా."

జవాబు దొరకని చోట నేను పనిలోకి దూరతాను. భాయ్ అన్నాడు, "ఇప్పుడే కడుగుదాం పా సార్. మెత్తని బ్రష్, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క, బకెట్లో ఏసీ నీళ్ళు పట్టినా. అంతా పోకపోయినా పాట ఆగకుండా పోతాది." ఏసీ గొట్టం నుంచి కారిన నీళ్ళు! అందులో రాగి ఉంటుంది, బూజు ఉంటుంది, దుమ్ము ఉంటుంది. నీటిని పరీక్షించి బతికేవాణ్ణి, ఎలా ఒప్పుకుంటాను? అసలు చేత్తో రుద్దడం అంటేనే ఊహ మీద పని చేయడం. వీటికి యంత్రాలున్నాయని చదివాను, యంత్రం కొంటాను అన్నాను. భాయ్ భుజాలు ఎగరేసి, "మీరు సదువుకున్నోళ్ళు సార్" అన్నాడు. ప్లేయరు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఇక మొదలైంది. అట్టడుగు ధరలో ఒక తొట్టి ఉంది. రెండు బ్రష్‌ల మధ్య రికార్డును నిలబెట్టి చేత్తో తిప్పాలి, తీసి గుడ్డతో తుడవాలి. కరిగిన మురికి మళ్ళీ గాడీల్లోనే ఆరుతుంది గనక అది పనికిరాదు. పైధరలో గ్రంథాలయాలు వాడే యంత్రం ఉంది. అది నా ఐదు నెలల జీతం. మధ్యలో ఉన్నవన్నీ ఒకే తీరు: రికార్డును మోటారు తిప్పుతుంది, మందునీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దితే, గొట్టం ఆ నీళ్ళను మురికితో సహా పీల్చేస్తుంది. అలాంటివి ఏడు. ఒకదాని మోటారు అమెరికా కరెంటుకు చేసింది. ఒకటి పది నిమిషాలకే వేడెక్కుతుంది. ఒకదానిలో మురికినీళ్ళు అడుగున నిలిచి పొంగుతాయి. వాడినవాళ్ళు ఇంటర్నెట్లో ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ రాసిన అభిప్రాయాలన్నీ ల్యాబులో ప్రింటు తీసి, పట్టిక వేసి, మార్కులు ఇచ్చాను. దేనికీ సందేహం మిగలకుండా తేలలేదు. మళ్ళీ వేశాను. మా ముదీర్, అంటే మేనేజరు, ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, ఇది ఏ నీళ్ళ రిపోర్టు అని అడిగాడు.

ఇంట్లో అక్క చెవి దిగజారుతూ వచ్చింది. మొదట కాలింగ్ బెల్లు పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది, రెండు రోజులు వరసగా పప్పు మాడింది. వీధి చివర మసీదులో సాయంత్రం అజాన్ పిలుపు విని ఆమె పొయ్యి వెలిగించేది. ఒక సాయంత్రం బావ వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు, అక్క కిటికీ దగ్గర కూర్చుని, "ఇవాళ ఇంకా పిలవలేదేమండీ?" అని అడిగింది. పిలిచి అరగంటయింది. బావ తనే వెళ్ళి బియ్యం కడిగాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క నా ముందు కూర్చుని, "మురికితోనే వేయరా. ఎగిరితే ఎగిరింది. సగమైనా వింటాను" అంది. నేను వేయనన్నాను. కాగితం తెచ్చి బొమ్మ గీసి మరీ వివరించాను. గంధం రాయిలా ఉంది, సూది దాన్ని ఈడ్చుకుంటూ పోతే గాడీ గోడలు చెక్కుకుపోతాయి, ఆ తర్వాత ఏ యంత్రమూ బాగుచేయలేదు. ఉన్నది ఒకే రికార్డు. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, ఇప్పుడడిగినా అదే చెబుతాను. నేను లేనప్పుడు వేస్తారేమోనని ప్లేయరు సూది ఊడదీసి, అగ్గిపెట్టెలో పెట్టి, జేబులో వేసుకుని ల్యాబుకు తీసుకుపోయేవాణ్ణి. మూడో రోజున బావ నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"ఏమయ్యా బావమరిదీ, ఆ సూది ఇటివ్వు."

"రికార్డు పాడవుతుంది బావా."

"పాడైతే ఏం? మ్యూజియంలో పెడతావా? మీ అక్కకు ఇంకెన్ని రోజులుందో లెక్క చూసుకున్నావా?"

"రెండు వారాల్లో యంత్రం వస్తుంది. ఒక్క రెండు వారాలు."

బావ నా జేబు మీద వేలితో తట్టాడు. "ఆమెది దేవుడి గూడు, నీది ఆ అగ్గిపెట్టె. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే" అని లోపలికి పోయాడు. కోపం వచ్చింది నాకు. వాదనలో ఓడిపోతున్నప్పుడు వచ్చే కోపం అది. కానీ సూది ఇవ్వలేదు.

ఎంచుకోవడానికి మూడు వారాలు, రావడానికి రెండు వారాలు పట్టింది. అక్క ఆసుపత్రిలో చేరవలసిన రోజుకు నాలుగు రోజుల ముందు పెట్టె దిగింది. వెంటనే విప్పాను. అన్నీ నా పట్టికలో రాసుకున్నట్టే ఉన్నాయి, ఒక్కటి తప్ప. పీల్చే గొట్టం పన్నెండంగుళాల రికార్డుకు చేసింది. మాది ఏడంగుళాలు. గొట్టానికి పొడవునా ఉన్న చీలికలో సగం రికార్డు దాటి బయటికి వచ్చి గాలిని పీలుస్తుంది, నీళ్ళు అలాగే ఉండిపోతాయి. పొట్టి గొట్టం విడిగా కొనాలట, ఫోను చేస్తే మూడు వారాలన్నారు. నూట నలభై అంశాలు పోల్చినవాణ్ణి, మా రికార్డు ఎంతుందో ఒక్కసారి స్కేలు పెట్టి కొలుచుకోలేదు. నేల మీద, ఆ అట్టముక్కల మధ్య కూర్చుని ఏడ్చాను. అక్క పక్కన చతికిలబడి, "ఏమైందిరా? విరిగిందా?" అని అడుగుతోంది. నేను చెప్పేది ఆమెకు వినపడటం లేదు.

చివరికి సిగ్గు విడిచి కడప భాయ్‌కు ఫోను చేశాను. ఆయన నవ్వాడు. "గొట్టం పొడుగైతే మిగిలింది మూసేయండి సార్! టేపు ల్యా ఇంట్లో? కరెంటు టేపు. ఇదేం పెద్ద కత. యల్లా, కానీండి." చీలికకు సగం దాకా నల్ల టేపు అంటించాను. పది నిమిషాల పని. ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధజలం పోసి, గంధం నానేదాకా ఆగి, మెత్తగా రుద్ది, యంత్రం వేశాను. అది విల్లా అంతా అదిరేలా రొద చేసింది. పసుపుపచ్చని నీళ్ళు గొట్టంలోకి పోవడం కళ్ళారా చూశాను. ఐదుసార్లు కడిగితే రికార్డు నిగనిగలాడింది. నా ఎంపిక సరైనదే. ఆ యంత్రం అద్భుతంగా పని చేసింది.

అగ్గిపెట్టె తెరిచి సూది బిగించాను. ఒక్క చిటపట లేదు. ఐదుగురు ఆడవాళ్ళు మా ముందే నిలబడి పాడుతున్నట్టుంది. మొదటి చరణం, మళ్ళీ పల్లవి ముగిశాయి. రెండో చరణం ముందు, ఆ నిశ్శబ్దంలో, అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినపడింది. గంధం కింద ఇన్నేళ్ళూ అది ఉందని మాలో ఎవరికీ తెలియదు. బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అక్క చెవిని స్పీకరుకు నొక్కి పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది. పాట అయిపోయింది. ఆమె ఇంకా అలాగే ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి మా ముఖాలు చూసి, "వేశావా?" అంది.

మళ్ళీ వేశాను. శబ్దం పూర్తిగా పెంచాను. పక్క వాటావాళ్ళు గోడ కొట్టారు. "ఏదో గుయ్యిమంటోందిరా. పాట లేదు" అంది అక్క. ఐదు వారాల కింద ఆ చిటపటల వెనక నుంచి అమ్మను పోల్చుకున్న చెవి అది. నేను కాగితం తీసుకుని, "చరణానికి ముందు అమ్మ ఊపిరి పీల్చుకుంది" అని రాసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆమె తన అరచేయి నా ముందు చాపి, "మళ్ళీ పెట్టు. చేతిలో తాళం వేస్తూ ఉండు. ఆ ఊపిరి దగ్గర గట్టిగా నొక్కు" అంది. నొక్కాను. అక్క తలూపింది, విన్నట్టే.

ఆపరేషన్ బాగా జరిగింది. అక్క బతికింది, చెవిలో మిగిలిన ఆ గుయ్యిమనే శబ్దం కూడా పోయింది. ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు ఆమె చేతిలో తాళం వేశానో చెప్పలేను, నా వేళ్ళకు మాత్రం ఆ చరణం ఇప్పటికీ వచ్చు. నిజం తేలేదాకా ఆగాలి, నిజం ఎక్కడికీ పారిపోదు అని సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. పారిపోదు, ఒప్పుకుంటాను. కానీ దాని కోసం చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి కాలం అంత గడువు ఇవ్వదు.