ఆగని తేమ మిషను

శవాల ఫోటోలు తీసి తీసి నాకు దయ్యాలంటే నవ్వొచ్చేది. భద్రాచలంల ఫోటో స్టూడియో నడిపినోణ్ని. గోదాట్ల కొట్టుకొచ్చిన గుర్తుతెలియని శవాలకు పోలీసుల కోసం ఫోటోలు తీసేది నేనే. ఏ శవమూ లేచి నన్ను పలకరియ్యలేదు. ఇంటికొచ్చి తానం చేసి, కడుపునిండ తిని పండేది. ఇప్పటికీ ఎవలన్న దయ్యం ముచ్చట మొదలుపెడితే లేచిపోత. గసోంటి నేను ఇది చెప్పుడంటే నాకే తిక్కగ ఉంటది.

ఎనభైల చివర ముచ్చట. ఇంటి వెనక గదిల నెగెటివులు దాచేటోణ్ని. వానలొచ్చినయంటే బూజు పట్టేది. కొత్తగూడెంల ఎలక్ట్రీషియన్ పనిచేసే మా బామ్మర్ది, ఏదో ఆఫీసుల తీసేసిన తేమ మిషను తెచ్చి బిగిచ్చిండు. చిన్న ఫ్రిజ్జంత ఉంటది. గాలిల తేమను లాగి, కింద బకెట్ల చుక్క చుక్క నీళ్లు వదుల్తది. గది ఆరంగనే టక్కుమని దానంతటదే ఆగుతది. రెండు వానాకాలాలు మంచిగ పనిచేసింది.

తర్వాత ఎండాకాలంల దమ్మపేట దిక్కు నుంచి ఒకామె, మరిదిని తోడు తీసుకొని స్టూడియోకొచ్చింది. భర్త వానల్లో గోదారి దాటొస్తనని పోయి మళ్ల రాలేదంట. ఫోటోలు తీసేది నేనని ఎవలో చెప్పిన్రంట. ఇంట్లోల్లు నీళ్లొదిలి దినం చేద్దామంటున్నరు, ఈమె ఒప్పుకుంటలేదు.

"కండ్లతో చూడకుండ ఎట్ల నీళ్లొదులుమంటరన్నా? బతికుంటే?" అన్నది. చేతులకు గాజులున్నయి, నొసట బొట్టుంది.

ఆమె చెప్పిన వారంల దొరికిన శవం ఒక్కటే. నాకు బాగ యాదికుంది. నాలుగు రోజులు నీళ్లల్ల నానిన ముఖం. ఆమెకు చూపియ్యబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే, నా ముంగట ఏడుస్తదని భయమైంది. నెగెటివుకు బూజు పట్టింది, పారేసినమ్మా అన్న. ఆమె మరిదిని తీసుకొని పోయింది.

మర్నాటి నుంచి మిషను ఆగలేదు.

బయట వడగాడ్పు. దండెం మీద బట్ట అరగంటల ఆరిపోతుంది. లోపల మాత్రం పొద్దున పెట్టిన బకెట్టు మధ్యాన్నానికే నిండుతుంది. ప్లగ్గు పీకితే సాయంత్రానికి నెగెటివుల కవర్లన్నీ మెత్తబడేవి. బకెట్ల నీళ్లకు ఒండ్రు వాసన. పారబోస్తే అడుగున సన్నటి ఇసుక.

బామ్మర్దికి కబురు పెడితే వచ్చిండు. మొదలు మిషనే చెడిందన్నడు. గాలి పీల్చే జాలీ కడిగిండు. తేమను పసిగట్టే స్విచ్చు విప్పిండు. లోపల వెంట్రుక లాంటి పోగుంది. తేమ తగిలితే సాగుతది, ఆరితే బిగుస్తది, దాని తెలివి అంతే అన్నడు. మిషనును ముందు గదిల పెట్టి చూసినం. పది నిమిషాల్లో ఆగింది. వెనక గదికి తేంగనే మళ్ల మొదలు.

"మిషను మంచిగనే ఉంది బావా. గదిలనే ఏందో తడి ఉంది."

కిటికీ సందులకు పేపర్లు అతికిచ్చినం. గోడలు, బండలు చేత్తో తడిమినం. ఎక్కడ చెమ్మ లేదు. ఇంక సామాను ఒక్కొక్కటి బయట పెట్టినం. పోలీసు ఫోటోల రేకు డబ్బ గడప దాటంగనే మిషను ఆగింది. ఆ డబ్బల కవర్లు ఒక్కొక్కటే లోపలికి తెచ్చి చూసినం. ఒక కవరుకు మాత్రం మిషను లేచింది. మీద నా రాతే: మగ, ముప్పై ఏండ్లు, గోదారి.

లోపల నెగెటివు ఎండుటాకు లెక్క పొడిగ ఉంది. బామ్మర్ది మూడుసార్లు బయటికి, లోపలికి తిప్పిండు. మూడుసార్లూ గట్లనే అయింది. ఎవలిది బావా అని అడిగిండు. చెప్పిన. అబద్ధమాడిన సంగతి గూడ చెప్పిన. చాయ్ తాగకుండనే పోయి బస్సెక్కిండు.

ఫోటో కడిగి ఆరబెట్టి, దమ్మపేట బస్సు డ్రైవరుతోటి ఆమెకు కబురు పంపిన. మరిదితోటే వచ్చింది. ఫోటో చేతికిచ్చిన. ముఖం దిక్కు ఎక్కువ సేపు చూడలేదు. ముంజేతి పచ్చబొట్టు మీద వేలు పెట్టింది.

"ఇది నా పేరేనన్నా."

స్టూడియో గడపల కూలబడి ఏడ్చింది. నేను భయపడ్డ ఏడుపే. ఆ పగలే మరిది గోదాట్లకు దిగి నీళ్లొదిలిండు. నేను ఒడ్డున నిలబడ్డ.

ఇంటికొచ్చి చూస్తే మిషను ఆగి ఉంది. ప్లగ్గు పెట్టే ఉంది, కరెంటు ఉంది, కవరు ఆ గదిలనే ఉంది. బకెట్ల వేలెడు నీళ్లు. మళ్ల వానలు పడేదాక అది లేవలేదు.

పోగు పాతబడి ఉంటదని బామ్మర్ది ఇప్పటికీ అంటడు. మరి ముందు గదిల ఎందుకాగిందంటే ముచ్చట మారుస్తడు. గాలిల నుంచి లాగిన నీళ్లల్లకు ఇసుక ఎట్లొచ్చిందో నాకూ తెల్వదు.

పారేసిన నెగెటివు మళ్ల ఎట్ల దొరికిందని ఆమె అడుగుతదనుకున్న. అడిగితే ఒప్పుకుందామనే ఆ పొద్దు ఎండల ఒడ్డున నిలబడ్డ. అడగలేదు. గాజుల్లేని చేతులతో నాకు దండం పెట్టి, బస్సెక్కింది.