పై మంచానికీ కింది మంచానికీ మధ్య దుబాసీ

బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఏసీ గాలి సూటిగా పై మంచం మీద పడుకునే నాకే కొట్టేది. కింది మంచం జగిత్యాల అతనికి ఎప్పుడూ ఉక్కపోతే. నేను ఇరవై ఆరు పెడితే అతను పద్దెనిమిదికి దించేవాడు. ఒక శుక్రవారం పొద్దున రిమోట్ కోసం పెనుగులాడాం. నేను వంటకు తీసుకెళ్తున్న గరిటె ఎత్తాను. అతను చెప్పు తీశాడు.

గడ్డం గీసుకుంటున్న నేపాలీ అన్న సగం మొహం నురగతోనే వచ్చి మా మధ్య నిలబడ్డాడు. గదిలో అందరికన్నా పెద్దవాడు. "మారో. దోనో ఘర్ జాయేగా," అన్నాడు నెమ్మదిగా. కొట్టుకుంటే తప్పెవరిదని కంపెనీ అడగదు, ఇద్దరినీ విమానం ఎక్కిస్తుంది. ఎత్తిన గరిటెను ఏం చేయాలో తోచక దానితో వీపు గోక్కున్నాను. అతను చెప్పుకు దుమ్ము దులిపి తొడుక్కున్నాడు.

కొట్టుకునే వీల్లేదు కాబట్టి మాటలు మానేశాం. ఏం చెప్పాలన్నా నేపాలీ అన్నతోనే. ఆయనకు తెలుగు ముక్క రాదు.

"గా కిందోనికి సిగ్గున్నదా అడుగు!" అని నేను తెలుగులోనే అరిచేవాణ్ణి. మూడడుగుల కింద ఉన్న అతనికి ప్రతి అక్షరం వినబడేది. నేపాలీ అన్న వంగి, "భాయ్, ఊపర్‌వాలా పూఛ్‌తా హై, ఖానా ఖాయా?" అనేవాడు, నేను అన్నం తిన్నావా అని అడిగినట్టు. ఊపర్‌వాలా అంటే పైవాడు, హిందీలో దేవుడు కూడా. విచిత్రమేమిటంటే, అతను నా తిట్టును వదిలేసి ఆ తర్జుమాకే జవాబిచ్చేవాడు. "తిన్ననని చెప్పు. గా మొద్దు మొకపోన్ని గూడ తినుమను." అది నా దగ్గరికి వచ్చేసరికి ఒంట్లో ఎలా ఉందన్న పరామర్శ అయ్యేది. బాగానే ఉన్నానని చెప్పమనేవాణ్ణి. నెలన్నర ఇలాగే నడిచింది.

తర్వాత ఆయన రెండు నెలల సెలవు మీద ఊరెళ్లాడు. గది మూగబోయింది. ఒక శుక్రవారం నాకు జ్వరం. మధ్యాహ్నం ఫోన్ మోగింది, నేపాల్ నుంచి. "నీచేవాలా పూఛ్‌తా హై, గోలీ ఖాయా?" కింద పడుకున్న మనిషి నేపాల్‌కు ఫోన్ చేసి నన్ను అడిగించాడు! వేసుకోలేదని చెప్పమన్నాను. కింద ఫోన్ మోగింది. కాసేపటికి ఒక చెయ్యి పైకి లేచి, గోలీల పట్టీ నా మంచం అంచున పెట్టి దిగిపోయింది. ఎన్ని వేసుకోవాలో అడగమని మళ్లీ నేపాల్‌కు చేశాను. ఆయన ఆయాసపడుతున్నాడు, వెనక నీళ్ల చప్పుడు. "మై ధాన్ లగా రహా హూ! ఖల్లాస్!" అని అరిచి పెట్టేశాడు. వరి నాటుతున్నాడట.



"ఆయనకు నాట్లు నడుస్తున్నయట," అన్నాడు కింది మంచం అతను, గోడతో చెప్పినట్టు. ఆ అరుపు అతనికీ వినబడింది.

"మీ దిక్కు వానలు పడ్డయా?" నోరు జారి అడిగేశాను.

"యాడియి! నారు ఎండుతున్నదని మా ఇంట్లామె ఒకటే ఏడ్పు." మళ్లీ తనే, "గోలి ఒక్కటే ఏసుకో. ఉత్త కడుపుతోని ఏసుకోకు," అన్నాడు. లేచి వెళ్లి గంజి కాచి తెచ్చాడు.

నేపాలీ అన్న తిరిగొచ్చేసరికి మేమిద్దరం కలిసి వండుకుంటున్నాం. ఆయన సంచి దింపి, అర్థం కాని మా తెలుగు కాసేపు విని, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఏసీ సంగతి ఏం తేల్చుకున్నారని అడిగాడు. మేం మొహాలు చూసుకున్నాం. ఆ మాటే ఎత్తలేదు. రిమోట్ ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. ముగ్గురం వెతికితే బియ్యం సంచి కింద దొరికింది, బ్యాటరీలు లేకుండా.