ట్రాలీ ఎక్కిన క్వాయర్

ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఒకవేళ ఏదైనా ఎదురైతే సాయంత్రం కూర్చుని నాలుగు వీడియోలు చూసి మర్నాటికి అందులో పండితురాలినైపోయేదాన్ని. హౌరాకి నది అవతల, న్యూ టౌన్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల తోటలు, పచ్చిక మైదానాలు చూసుకునే చిన్న కంపెనీ మాది. మా బెంగాలీ యజమాని ఎంత అసాధ్యమైన పనికైనా "హోబే, హోబే" అనేవాడు, అంటే అయిపోతుందిలే అని. అందుకే చాటుగా ఆయన్ని హోబే దా, అంటే హోబే అన్న, అని పిలుచుకునేవాళ్లం. ఆ హోబే దా చిన్న ట్రాక్టర్ ఒకటి కొన్నాడు. అది షాలిమార్ రైల్వే యార్డు పక్కన గోడౌన్లో దిగింది. దాన్ని నది దాటించి తీసుకురావాలి, తర్వాత కూడా ఒక కాంప్లెక్స్ నుంచి ఇంకో కాంప్లెక్స్‌కి తిప్పుతూ ఉండాలి. అందుకు ఆయన జీపు వెనక తగిలించి లాగే ట్రాలీ కావాలి. "నువ్వు ఇంజనీరువి, పైగా మీ ఇల్లు షాలిమార్‌లోనే. నువ్వే చూసి తేల్చెయ్" అన్నాడు. (నేను చదివింది కంప్యూటర్లు. ఆయన అడగలేదు, నేను ఆ మాట ఎత్తలేదు.)

హౌరాలో ఒక వెల్డింగ్ దాదా నీలం రంగు ట్రాలీ చూపించాడు. రెండే చక్రాలు, బ్రేకులు లేవు. "బ్రేకులేవి?" అన్నాను. "జీపుకి ఉన్నాయి కదా దిదీ" అన్నాడు. "ఇంత బరువుకి రెండు చక్రాలు చాలతాయా?" అంటే, "మనిషి రెండు కాళ్ల మీదే కదా సంసారం మోస్తున్నాడు? కిచ్ఛు హోబే నా!" అన్నాడు. ఏమీ కాదులే అని ఆ మాటకి అర్థం. (యజమానేమో హోబే, ఈయనేమో హోబే నా. నా ఉద్యోగం ఆ రెండింటి మధ్య ఇరుక్కుంది.) నాకు అది నచ్చలేదని ఫోన్ చేస్తే హోబే దా విసుక్కున్నాడు. "శనివారానికల్లా ట్రాక్టర్ వస్తుందని కాంప్లెక్స్ వాళ్లకి మాటిచ్చాను. వద్దంటే కారణం చూపించు. లేకపోతే ఇంకో ఇంజనీర్ని చూసుకుంటాను." నేనింకా పర్మినెంట్ కాలేదు. అయినా ఏ మాత్రం తొణకకుండా, "చూపిస్తాను సార్" అన్నాను.

కొత్త ట్రాక్టర్‌ని ఎక్కించి ప్రయోగం చేయలేం కదా. అంత బరువు ఇంకేదైనా కావాలి. ఈ సంగతి గూడ్స్ గార్డుగా రిటైరైన మా పెదనాన్నతో అంటే, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇసక బస్తాలెందుకే అమ్మడూ? మన చర్చిలో పాడే క్వాయర్ లేదేటి?" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా తెలుగు చర్చి ఆవరణలోకి ట్రాలీ వచ్చింది. వెల్డింగ్ దాదా సంతోషంగా తానే అద్దె వ్యానుకి కట్టించి తెచ్చాడు, అంత నమ్మకం ఆయనకి. లెక్క సరిపోవాలి గనుక నేను ఒక్కొక్కరినీ బరువు అడగడం మొదలుపెట్టాను. అదే ఆ రోజు అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. క్వాయర్‌లో కింది స్వరం పాడే ఆల్టో పిన్ని నన్ను ఎగాదిగా చూసి, "బరువేటే, బరువు? ప్రభువు దగ్గర తప్ప నానెక్కడా సెప్పను" అంది. మిగతా ఆంటీలు పెళ్లినాటి బరువులు చెప్పారు. కూడితే ట్రాక్టర్‌లో సగం కూడా రాలేదు. దాంతో సండే స్కూల్ టీచర్లని, కానుకల సంచి పట్టే అంకుల్‌ని కూడా పిలిచాం. (నిజం బరువులు కలిపితే ట్రాక్టర్ కన్నా ఎక్కువే అయ్యుంటుందని ఇప్పటికీ నా నమ్మకం.)

వ్యాను వెళ్లిపోయింది, జీపు లేదు కాబట్టి ట్రాలీ ముందు దూలానికి ఉన్న కొక్కేన్ని ఇటుకల మీద ఆనించాం. "అది కదలకుండా నానున్నాను కదా" అంటూ పెదనాన్న ఆ ఇనుప దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు. "వద్దు పెదనాన్నా, వెనక బరువు పడితే ముందు లేస్తుంది" అన్నాను. "నీకేటి తెలుసే? రైళ్లు నడిపించినోణ్ణి" అన్నాడు. నేను ఫోన్‌లో వీడియో ఆన్ చేశాను. ఆంటీలు వెనక వేసిన పలకల మీదుగా చీరలు ఎత్తిపట్టుకుని ఎక్కారు. ఎక్కినవాళ్లు ఎక్కినచోటే నిలబడి కబుర్లలో పడ్డారు. చివరికి ఆల్టో పిన్ని పాదం మోపింది. అంతే, పెదనాన్న మెల్లగా ఆకాశానికి లేవడం మొదలుపెట్టాడు. చెప్పులు రెండూ కింద రాలాయి. "ఒలే, దించండే! ఇదేటిది, నన్నెక్కడికి పంపేస్తన్నారు!" అని ఆయన అరుస్తుంటే, ఆంటీలు భయపడి ఇంకా వెనక్కి జరిగారు. ఆయన ఇంకాస్త పైకి వెళ్లాడు. మెట్ల మీద నిలబడ్డ పాస్టర్ గారు అప్రయత్నంగా చేతులు జోడించారు. "ముందుకి! అందరూ నెమ్మదిగా ముందుకి!" అని అరిచాను. వాళ్లు ఒకర్నొకరు పట్టుకుని ముందుకు జరిగేసరికి దూలం కిందికి దిగి ఇటుకల మీద ఆగింది. పెదనాన్న ఒళ్లు దులుపుకుని లేచి, "బండి మంచిది కాదు" అని తీర్పు చెప్పాడు. ఈలోగా టైర్లు అప్పడాల్లా అణిగాయి, అడుగు రేకు మధ్యలో లొత్తపడింది. వెల్డింగ్ దాదా తర్వాత వారం దాన్ని మొక్కల కుండీలు మోసుకునేవాళ్లకి ఇచ్చేశాడని విన్నాను.

మర్నాడు ఆ వీడియో హోబే దాకి చూపించాను. మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. "సార్, మా పెదనాన్న కూర్చున్న చోట మీ జీపు ఉంటుంది" అన్నాను. నవ్వు ఆగిపోయింది. మళ్లీ చూశాడు. "బ్రిడ్జి మీద నా వెనక చక్రాలు ఇలా లేస్తే?" అన్నాడు చాలా నెమ్మదిగా. ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్లి నాలుగు చక్రాలు, సొంత బ్రేకులు, ట్రాక్టర్ బరువు కంటే బాగా ఎక్కువ మోసే బలం ఉన్న ట్రాలీని ఎంచుకున్నాం.

శనివారం ట్రాక్టర్ ఎక్కింది. బరువు ఇరుసుల కన్నా కాస్త ముందుకు పడేలా, అది ఆగాల్సిన చోట నేనే సుద్దగీత గీశాను. నాలుగు మూలలా గొలుసులు బిగించి, హ్యాండ్ బ్రేకు వేశాం. పెదనాన్న పిలవకుండానే వచ్చి జీపు వెనక సీట్లో ట్రాలీ వైపు తిరిగి కూర్చున్నాడు. గూడ్స్ గార్డు వెనక్కి చూడకుండా ప్రయాణం చేయడట. బ్రిడ్జి నడిమధ్యలో మా ముందున్న మినీబస్సు ఉన్నట్టుండి ఆగింది. హోబే దా బ్రేకు తొక్కాడు. వెనక నుంచి చిన్న కుదుపు కూడా రాలేదు. "ఇంచీ కూడా జరగలేదమ్మడూ" అన్నాడు పెదనాన్న. హోబే దా స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నన్ను పర్మినెంట్ చేసినట్టు అక్కడే, హారన్ల మధ్య చెప్పాడు.

ఇప్పుడు సాల్ట్ లేక్‌లో నా చదువుకి తగ్గ ఉద్యోగమే చేస్తున్నాను. ఏ మీటింగ్‌లోనైనా "బహుశా", "చూద్దాం" అనకుండా వాక్యం పూర్తి చేయలేను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి పెద్దవాళ్లందరి ముందూ లేచి, "ఇది పనిచేయదు మేడమ్" అనేసింది. ఆ పిల్ల ముఖంలో అనుమానం నీడైనా లేదు. ఆ ముఖాన్ని నేనెక్కడో ఎరుగుదును. నవ్వాపుకుని, కుర్చీ ఆమె వైపు తిప్పి, "ఎందుకు పనిచేయదో చెప్పమ్మా" అన్నాను.