జగ్గారావు దాచిన వణుకు

జగ్గారావుకి కోపమంటే ఏమిటో తెలీదని పూరీ గేట్ క్వార్టర్లలో అందరూ అనుకునేవారు. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో టర్నరు అతను. లేతు మిషను మీద తిరిగే ఇనుముని చెక్కే చెయ్యి ఎంత నిదానంగా ఉండాలో, మనిషీ అంత నిదానం. చిన్నప్పుడు తండ్రి వెంట శ్రీకాకుళం జిల్లానించి వచ్చాడు. ఇరవై మూడేళ్ళ సర్వీసు, అంతా ఒకటే షాపులో, అంటే కార్ఖానాలో ఒకటే విభాగంలో. పిల్లల్లేరు. ఇంట్లో తనూ, పెళ్ళాం పోలమ్మా, అంతే. కొళాయి దగ్గర ఆడవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే విడదీయడానికి కూడా జగ్గారావునే పిలిచేవారంటే చూసుకోండి!

అలాంటి మనిషికి పందొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో ఏమొచ్చిందో వచ్చింది. పక్కింటి రేడియో వినబడితే గోడ గుద్దేవాడు. కూర చల్లారిందని ఒక కేక, కాలుతోందని ఇంకో కేక. తిండి మాత్రం ఇద్దరిది తినేవాడు. అన్నం తిని లేచిన గంటకే ఝపటాపూర్ బజారుకి వెళ్ళి మరమరాల పొట్లం కొని, ఇల్లు చేరేలోగా ఖాళీ చేసేవాడు. ఇంత తిన్నా చొక్కా భుజాల మీంచి జారిపోయేది. ఊరికే కూచున్నా గుండె దడదడా కొట్టుకునేది. తాగుతున్నాడని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. తాగుడా! పాపం, నిద్ర పట్టడం లేదని టీ కూడా మానేశాడు.

అన్నిటికంటే అతన్ని హడలగొట్టినవి చేతులు. చాపితే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. మరి ఆస్పత్రికి వెళ్ళొచ్చు కదా అని మీరూ నేనూ అంటాం. రైల్వేవాడు అనడు. రైల్వే ఆస్పత్రిలో మందు రాసే డాక్టరే 'అన్‌ఫిట్' అని, అంటే పనికిరాడని, కూడా రాయగలడు. చూపు మందగించిన వెంకటరావుని లేతు మీంచి దింపి, షాపు గుమ్మంలో స్టూలు మీద కూచోబెట్టారు, వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళివ్వమని. ఆ నీళ్ళు జగ్గారావు రోజూ తాగేవాడు. అందుకని చేతులు జేబుల్లో పెట్టుకుని తిరగడం నేర్చుకున్నాడు.

షాపులో దాచగలడు గానీ పెళ్ళాం దగ్గర ఎన్నాళ్ళు దాస్తాడు? వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, అన్నం కలుపుతుంటే పోలమ్మ చూసేసింది.

"ఏటయింది మావా? సెయ్యి అలా వనుకుతంది?"

"నాకేటీ అవనేదు. నోర్ముయ్యి."

"అవనేదంతావేటి? మనిసివి సగమైపోనావు. రేపు ఆస్పటలుకెల్దాం రా."

ఆస్పత్రి మాట చెవిన పడగానే కంచం విసిరేశాడు. అది పోలమ్మ నుదుటికి తగిలింది. రక్తం కనబడుతున్నా అతని నోరు ఆగలేదు. "ఎల్లిపో నా ఇంట్లోంచి!" అని అరిచాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ ఎండాకాలం దాకా ఒక్కనాడూ గట్టిగా పిలవని మనిషి! పోలమ్మ ఏడవలేదు. ట్రంకు పెట్టె సర్దుకుని పలాసలో అన్నగారింటికి రైలెక్కింది.

ఆ తర్వాత అయిదు నెలలు అతను ఎలా బతికాడో తలుచుకుంటే నాకు మనసొప్పదు. పొద్దున కార్ఖానా సైరనుకి వెళ్ళడం, సాయంత్రం సైరనుకి రావడం. అతను కొళాయికొస్తే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి తప్పుకునేవారు. తగవు తీర్చమని ఒక్కరూ పిలవలేదు. దుర్గాపూజకి ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని పందిళ్ళు చూడ్డానికి పోతే, అతను తలుపేసుకుని బొగ్గుల పొయ్యి ముందు తన ఒక్కడికీ వండుకుంటూ కూచున్నాడు. కోపం వస్తూనే ఉంది, కేకలెయ్యడానికే మనిషి లేదు. ఉత్తరం రాద్దామంటే మొహం చెల్లలేదు.

డిసెంబరు వచ్చింది. షాపులో అందరూ మఫ్లర్లు చుట్టుకుంటే జగ్గారావు బనీనుతో చెమటలు కక్కుతున్నాడు. ఒకరోజు లేతు దగ్గరే గుండె పట్టుకుని కిందకి జారిపోయాడు. పక్క లేతు మీద పనిచేసే విల్‌ఫ్రెడ్ అనే ఆంగ్లో ఇండియన్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ఆ వణుకు చూసి, "చలో జగ్గా, ఆస్పత్రికి" అన్నాడు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా తీసుకుపోయాడు.

పెద్ద వయసు బెంగాలీ డాక్టరుగారు చేతులు చాపమని, వేళ్ళ మీద కాగితం పరిచారు. కాగితం రెపరెపలాడింది. గొంతు తడిమారు, నాడి చూశారు, ఎన్నాళ్ళనించని అడిగారు. "ఈ గొంతులో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. నీకది అతిగా పనిచేస్తోంది" అన్నారు హిందీలో. "దడ, చెమట, చిక్కిపోవడం, వణుకు, ఈ చిరాకు, అన్నీ దాన్నించే. మందుంది. మళ్ళీ లేతు పట్టుకుంటావు. కానీ ఇంకా ఆలస్యం చేసి ఉంటే గుండెకే ముప్పొచ్చేది. ఎప్పుడూ లేని కోపం కొత్తగా వచ్చి, దాంతోపాటు ఒళ్ళూ ఇలా మారుతుంటే ఆ వారమే రావాలి. ఎనిమిది నెలలా! నీ ఇంట్లో కళ్ళున్నవాళ్ళే లేరా?"

జగ్గారావు హిందీ మరిచిపోయాడు.

"సూసింది బాబూ. ఒక్క మనిసి సూసింది. ఆ మనిసినే ఎల్లగొట్టినాను" అని భోరుమన్నాడు. డాక్టరుగారికి తెలుగు రాదు. విల్‌ఫ్రెడ్‌కి వచ్చు గానీ, తర్జుమా మానేసి జేబురుమాలు తీసి జగ్గారావుకిచ్చాడు.

వార్డులో మంచం ఇచ్చారు. మర్నాడు విల్‌ఫ్రెడ్ ఒక పోస్టుకార్డు తెచ్చాడు. "నువ్వు చెప్పు జగ్గా, తెలుగు గుమాస్తా చేత రాయిస్తాను."

"నానే రాస్తాను."

"ఈ చేత్తోనా? అయినా పోలమ్మకి చదువు రాదు కదా, ఎవరు రాస్తే ఏం?"

"సదవక్కర్నేదు. సూస్తే సాలు" అన్నాడు జగ్గారావు.

మోకాలి మీద కార్డు పెట్టుకుని చాలాసేపు రాశాడు. "పోలమ్మా, నువ్వన్నది నిజమే, నా సెయ్యి వనుకుతంది." అంతకంటే ఏమీ రాయలేదు. అక్షరాలు వంకర్లు పోయి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని దిద్దకుండా కార్డు విల్‌ఫ్రెడ్ చేతికిచ్చి, ఆ రోజే పోస్టు డబ్బాలో వెయ్యమన్నాడు.