నల్లకారు మీద సుడులు

నెల్లూరు ట్రంకు రోడ్డు మీది రమణయ్య షెడ్డులో హెబ్రోనుకు ఉన్న మర్యాదంతా ఆయన కళ్ళ వల్ల వచ్చిందే. చదివింది నాలుగో తరగతి. ఆస్తి అంటే బోగోలులో రెండు తాటిచెట్లు, అవి కూడా అన్నదమ్ముల పేచీలో ఉన్నాయి. మనిషి బక్కపలచన. మాట్లాడితే సగం మాట గొంతులోనే ఉండిపోతుంది. అయినా కోవూరు రైసుమిల్లు యజమాని పద్మనాభయ్య, తన ఇంటికొచ్చిన వాళ్ళలో సగం మందిని గుమ్మం బయటే నిలబెట్టే మనిషి, హెబ్రోను ఏమంటాడోనని షెడ్డు ముందు ఎండలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. అంతటివాణ్ణి నిలబెట్టిన కళ్ళు అవి. అవి పోతే తనకు ఇంకేమీ లేదని హెబ్రోనుకు అందరికంటే బాగా తెలుసు. చిక్కంతా ఆ తెలియడంతోనే వచ్చింది.

కారు రంగుకు పట్టే జబ్బు ఒకటుంది. డ్రైవర్లు పొద్దున్నే పొడిగుడ్డ పట్టుకుని, మైపాడు సముద్రపు గాలికి కొట్టుకొచ్చిన సన్నటి ఇసుకతో సహా, కారును గుండ్రంగా రుద్ది రుద్ది తుడుస్తారు. యజమాని చూస్తున్నాడంటే ఇంకా హుషారుగా తుడుస్తారు. ఏడాది తిరిగేసరికి రంగు నిండా వెంట్రుక కంటే సన్నటి గీతలు పడతాయి. నీడలో కనపడవు. ఎండలో పెడితే, రంగులో సూర్యుడు మెరిసేచోట, ఆ మెరుపు చుట్టూ సాలెగూడులా తేలతాయి. షెడ్డులో వాటిని సుడులు అనేవాళ్ళు. తెల్లకారుకైతే ఎవరూ పట్టించుకోరు గానీ, నల్లకారుకు సుడులు పడితే యజమానికి నిద్ర పట్టదు.

మొదట్లో హెబ్రోను ఆ సుడుల్ని చేత్తోనే తీసేవాడు. వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవైలో రమణయ్య మద్రాసు నుంచి కరెంటు పాలిషు మిషను తెచ్చాడు. పళ్ళెమంత చక్రం, దానికి గొర్రెబొచ్చు టోపీ. స్విచ్చి వేస్తే పట్టుకున్న మనిషిని ఈడ్చుకుపోయేది. షెడ్డులో అందరూ జడిసి దూరం జరిగితే, బక్కమనిషి హెబ్రోనే దాన్ని లొంగదీశాడు. గంధంలాంటి పాలిషు ముద్దను నాలుగుచోట్ల అద్ది, చక్రాన్ని చదునుగా ఆనించి, దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలుగా నడిపేవాడు. ఒక్కచోట నిలవనిచ్చేవాడు కాదు. మధ్యమధ్య ఆపి, చెయ్యి వెనక వైపుతో వేడి చూసేవాడు. అంచుల మీద, బానెట్టు నడిమి గీటు మీద రంగు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ మిషను పోనిచ్చేవాడు కాదు, గుడ్డతోనే రుద్దేవాడు. సుడి పోవడమంటే మరేమీ కాదు, దాని అడుగుదాకా రంగు అరగడమే. రంగు కింద ఎర్రమట్టి లాంటి పూత ఉంటుంది. అది బయటపడిందంటే పాలిషువాడి పరువు కూడా దానితోపాటు బయటపడినట్టే.

పని అయ్యాక, సాయంత్రం నాలుగింటికి, కారును పడమటి మొహంగా నిలబెట్టించేవాడు. ఒక కన్ను మూసి, రెండో కంటితో చుట్టూ తిరిగి చూసేవాడు. ఆయన సరేననేదాకా ఆ కారు కదిలేది కాదు. తొందరపడి కదిలించిన వాళ్ళు మర్నాడు వెనక్కి తెచ్చారు కూడా. అప్పట్నుంచి రమణయ్య కూడా ఆ మాటకు ఎదురు చెప్పడం మానేశాడు.

అరవై నాలుగో సంవత్సరం మొదట్లో ఆయనకు సాయంత్రాలు తలనొప్పి పట్టుకుంది. కుడి కనుబొమ్మ మీద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. ఆదివారం ఆరాధనలో బల్బు చుట్టూ ఇంద్రధనుస్సు లాంటి చుట్టు కనపడింది. పాలిషు దుమ్ము పడిందనుకుని నీళ్ళు కొట్టుకున్నాడు. అది తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఆయన భార్య ప్రేమలీల క్రైస్తవుల మిషన్ ఆస్పత్రిలో ఆయా. రోజూ రోగుల్ని చూసే మనిషికి ఇలాంటివి దాస్తే దాగుతాయా?

"దీపం చుట్టూ రంగులు కనపడతా ఉండాయని నిన్న కూడా అన్నావు. డాక్టరమ్మకు ఒకసారి చూపిస్తే ఏం పోతాది?" అంది.

"ఆస్పత్రికొచ్చే కార్లలో సగం నేను పాలిషు పట్టినవే. డ్రైవర్లంతా బయట చెట్టు కింద కూచోని ఉంటారు. హెబ్రోను కళ్ళలో మందు పోయించుకుంటా ఉండాడని ఒక్కడికి తెలిసినా చాలు, ఊరంతా పాకతాది."

"పాకితే పాకనీయ్యా. కళ్ళకంటే ఎక్కువా?"

"నాకుండేది ఆ కళ్ళే గదా" అన్నాడు హెబ్రోను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకునే మనుషుల్ని చూస్తే నాకు జాలి కంటే కోపమే ముందు వస్తుంది. ప్రేమలీలకు కూడా కోపమే వచ్చింది. కానీ ఏం చేస్తుంది? కళ్ళకు మంచిదని పొన్నగంటికూర రోజు విడిచి రోజు వండి పెట్టింది. ఆయన మాట్లాడకుండా తినేవాడు. అన్నంలో వెంట్రుక వస్తే ఇదివరకు తనే తీసి పక్కన పెట్టేవాడు. ఇప్పుడు తినేస్తున్నాడని ఆమె గమనించింది.

జూను నెలలో పద్మనాభయ్య నల్ల అంబాసిడరు పాలిషుకు వచ్చింది. ఆదివారం మిల్లుకు పెద్ద అధికారులు వస్తున్నారట, శనివారం సాయంత్రానికల్లా అద్దంలా మెరవాలన్నాడు. హెబ్రోను గురువారమే మిషను పట్టి పూర్తిచేశాడు. నాలుగింటికి ఎండలో పెట్టి చూస్తే, బానెట్టు మీద సూర్యుడి మెరుపు చుట్టూ సుడులు అలాగే ఉన్నాయి. శుక్రవారం మళ్ళీ పట్టాడు. మళ్ళీ ఉన్నాయి. మెరుపు ఎటు జరిగితే అటు జరుగుతున్నాయి. నిజం సుడులు కూడా అంతే, మనిషి ఎటు కదిలితే అటు వస్తాయి. అందుకే ఆయనకు అనుమానం రాలేదు. ఒక్కటే తేడా. ఈ సుడులకు బయటి అంచున ఎరుపు, లోపల నీలం ఉంది. పాలిషు ముద్దలో నూనె ఎక్కువైందని తనకు తానే చెప్పుకుని, కారు మొత్తం కడిగించాడు.

"అద్దం మాదిరి ఉండాదన్నా. ఇచ్చేద్దాం" అన్నాడు రమణయ్య.

"సుడులు పోలా."

రమణయ్య వంగి చూశాడు. ఏమీ కనపడలేదు. పదేళ్ళుగా ఈ మనిషి చూపు తప్పలేదు కాబట్టి, తప్పు తన చూపులోనే ఉందనుకున్నాడు. "అవునన్నా, లీలగా ఉండాయి" అన్నాడు. డ్రైవరు ముత్యాలయ్య కూడా వంగి చూసి ఉన్నాయన్నాడు. శనివారం పద్మనాభయ్య స్వయంగా వచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తన కారును తనే చాలాసేపు చూసి, "నువ్వు చెప్పినాక తెలస్తా ఉంది హెబ్రోనూ, సన్నగా ఉండాయి" అన్నాడు. పేరున్నవాడు లేనిది ఉందంటే, ముగ్గురు పెద్దమనుషులు తమ కళ్ళను తామే కాదనుకున్నారు. ఒక్కడు ధైర్యం చేసి నాకు కనపడలేదని చెప్పి ఉంటే, ఆ రోజు కథ వేరేగా ఉండేది.

మూడోసారి మిషను పట్టాడు. ఈసారి చెయ్యి ఆనించి వేడి చూడలేదు. తల పగిలిపోతోంది. బానెట్టు మధ్య మెరుపు, మెరుపు చుట్టూ చుట్టు. దాన్ని పట్టుకుని అక్కడే తిప్పుతున్నాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. నాలుగేళ్ళలో ఒక్కచోట మిషను నిలపని చేతులు ఆ సాయంత్రం నిలిపాయి. కాలిన రంగు వాసన షెడ్డంతా నిండింది.

"అన్నా, ఆపు" అన్నాడు రమణయ్య.

హెబ్రోను ఆపాడు. "ఏంది?"

"ఎర్రది తేలింది."

"యాడ?"

ఆయన మొహం ఆ మచ్చకు జానెడు దూరంలో ఉంది. నల్లటి బానెట్టు నడిమధ్య అరచేతి వెడల్పున ఎర్రగా, పుండు చెక్కు లేచినట్టు కనపడుతోంది. రోడ్డు మీద పోయేవాడికి కూడా కనపడేంత మచ్చ. వెలుతురు చాలలేదేమోనని రమణయ్య చేతిలైటు వెలిగించి బానెట్టు మీదికి పట్టాడు. హెబ్రోను ముందు కిందికి చూశాడు, తర్వాత లైటు వంక చూశాడు. రంగులో చుట్టు ఉంది. లైటు చుట్టూ కూడా అదే చుట్టు, అదే ఎరుపు, అదే నీలం. గాల్లో వెలిగే బల్బుకు రంగు వేసినవాడూ లేడు, గుండ్రంగా తుడిచినవాడూ లేడు. మూడు రోజులుగా తను దేన్ని అరగదీస్తున్నాడో అప్పుడు తెలిసింది.

పద్మనాభయ్య కేకలు వేస్తాడనుకున్నారు. వేయలేదు. హెబ్రోను తడుముకుంటూ గుడ్డ కోసం వెతకడం చూసి ఆయన మొహం మారిపోయింది. "పోనీలే, రంగేయించుకుంటాలే" అని నెమ్మదిగా అని, కారెక్కి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేదని హెబ్రోను తర్వాత ప్రేమలీలతో అన్నాడు. అరిస్తే తను ఇంకా పనివాడే అయ్యుండేవాడు.

సోమవారం ఆస్పత్రికి వెళ్ళాడు. చెట్టు కింద డ్రైవర్లు లేచి నిలబడి దారి ఇచ్చారు. అప్పటికే అందరికీ తెలుసు. డాక్టరమ్మ రెండు కళ్ళూ చూసి, నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని చంపే జబ్బు, అంది. కుడికన్ను ఇంచుమించు పోయిందని, ఎడమకంట్లో మిగిలిన చూపును నిలబెట్టడానికి వెంటనే ఆపరేషను చెయ్యాలని, పోయినది మాత్రం తిరిగి రాదని విడమరచి చెప్పింది. ఎప్పుడు మొదలైందని అడిగితే ప్రేమలీలే చెప్పింది, జనవరిలో అని. అప్పుడే తెచ్చుంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, ప్రేమలీల మొహం చూసి ఆపేసింది.

హెబ్రోను, "ఆ చుట్లు ఎప్పటికైనా పోతాయా అమ్మా?" అని అడిగాడు.

"కుడికంట్లో తొందరలోనే పోతాయి. వెలుతురు కనపడడం ఆగిపోయినాక అవీ కనపడవు" అంది డాక్టరమ్మ.

ఆయన తలాడించాడు. ప్రేమలీల తన ఆయా చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, సంతకం గీత ఆయనకు కనపడదని, ఆపరేషను కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో ఆయన వేలు పట్టుకుని చూపించింది.