అక్క ఒంటి మీది అమ్మవారు

నా కూతురి మీద ఒట్టు, ఇది నిజంగా జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. అంతకు ముందు దయ్యాల కథలంటే నేనూ ఎగతాళి చేసినదాన్నే.

ఎనభైల చివర. సోలాపూర్‌లో మా నేతగాళ్ల వాడ. మా అక్క కిడ్నీ జబ్బుతో నెలల తరబడి మాత్రలు మింగి, అప్పుడప్పుడే కోలుకుంటోంది. అంతలో అమ్మవారు పోసింది. రెండు నెలల నా పాపను తీసుకుని నేను ఎదురింట్లో ఉన్నాను. తొమ్మిదో రోజు మా అమ్మ, అక్కకు వేపాకు నీళ్లు పోసి, వాడ చివర పెరుగన్నం పెట్టి అమ్మవారిని సాగనంపింది. ఇక భయం లేదన్నారు. అక్క వీపు మాత్రం ఎవరూ చూడలేదు. పొక్కులను తేరిపార చూస్తే అమ్మవారికి కోపమని మా నమ్మకం.

ఆ రాత్రే ఇంటికి వచ్చాను. పిల్లలు లేని మా అక్క, పాపను చూడగానే చేతులు చాచింది.

"జర నా పక్కన పండబెట్టవే. తొమ్మిది రోజులాయె దాన్ని ముట్టుకోక."

"పాలు తాగినంక ఇస్త అక్కా."

పాలిస్తూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి... కరెంటు లేదు. మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. ఇచ్చిన మాట గుర్తొచ్చి, పాపను ఎత్తుకుని రెండడుగులు వేశాను...

అక్క గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. వేపాకు వాసన గుప్పుమంది. ఆకులన్నీ అమ్మ పొద్దున్నే పారేసింది...

"నేనింక పోలె..."

ఆ గొంతు అక్కది కాదు. నెమ్మదిగా... బాగా అలసిపోయిన ముసలావిడ గొంతు.

"పిల్లను తేకు. దూరం తీస్కపో."

తర్వాత... సన్నగా ఏడుపు. అది మాత్రం అక్కదే. ప్రాణం ఉసూరుమంది. అయినా దగ్గరికి వెళ్లలేకపోయాను. పాపతో ఎదురింటికి పరుగెత్తాను.

తెల్లారి చూస్తే అక్క వీపు నిండా కొత్త పొక్కులు! డాక్టరు మమ్మల్ని తిట్టాడు. పాత జబ్బుతో, ఆ మాత్రలతో నీరసించిన ఒంట్లోంచి ఈ రోగం అందరికీ పోయినంత త్వరగా పోదట. నీళ్లు పోసుకున్నా ఇంకొకరికి అంటుతూనే ఉంటుందట. పసిదానికైతే ప్రాణం మీదికే వచ్చేదన్నాడు. రాత్రి సంగతేదీ తనకు గుర్తులేదంది అక్క.

చాలా రోజులకు డాక్టరు సరేనన్నాక పాపను అక్క ఒళ్లో పెట్టాను. సాయంత్రం దాకా దింపలేదు.

"అక్కా, నిజం చెప్పు. ఆ రాత్రి మాట్లాడింది నువ్వేనా?"

అక్క తలెత్తలేదు. "నేను ఇయ్యమన్న. నువ్వు ఇస్తనన్నవ్. వద్దనేటోళ్లు ఒకలన్న ఉండాలె గదనే," అంది.

అది అవుననడమో, కాదనడమో... నాకు ఇప్పటికీ తెలియదు.