సొంత తాళానికే కన్నం

పిరెత్ పిరికిదని మా ఆఫీసులో పేరు. టార్టు నగరంలోని ఆ ఆఫీసులో మా ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. తను రాసి జనానికి వదిలిన మాడ్యూల్‌ని, అంటే ఎవరైనా తెచ్చుకుని వాడుకునే ప్రోగ్రాం ముక్కని, తనే ముక్కూమొహం తెలియనిదానిలా కమాండు కొట్టి దింపుకుని, మళ్లీ పరీక్షించేది. "నువ్వు వండింది నువ్వే హోటల్లో కొనుక్కుని తింటున్నావు," అని ఏడిపించేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం అలాగే తన పాత మాడ్యూల్ ఒకటి దింపింది. బ్లాక్‌చెయిన్‌లో దాచిన డబ్బుకి అది తాళం. కాసేపటికి తింటున్న రొట్టె పక్కన పెట్టేసింది.

"ఒకసారి డబ్బు అడిగి, అది లెక్క రాసుకునేలోపే మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చేస్తోంది. ఖాళీ అయ్యేదాకా ఇస్తూనే ఉంటుంది."

"తప్పు దిద్ది కొత్తది పెట్టెయ్."

"పెడితే దొంగలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తప్పెక్కడో నేనే చూపించినట్టు. ఒకసారి చెయిన్‌లో బిగించినదాన్ని మార్చలేం కదా! కిహ్ను దీవిలో ఎండెల్ మావయ్యవాళ్ల జాలర్ల సొమ్మంతా దీని వెనకే ఉంది. బిగించి ఇచ్చింది నేనే."

సొమ్ము సవ్యంగా బయటికి తీసే తాళంచెవి ఎండెల్ దగ్గరే ఉంది. ఆయన సముద్రం మీద ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు.

"ఇంకెవరైనా వేసేలోపు నేనే కన్నం వేస్తాను," అంది.

"జైల్లో పెడతారు తల్లీ!"

"పెట్టనీ."

నాలుగు వరుసల కోడ్ రాసి నొక్కింది. సొమ్మంతా తన ఖాతాలోకి వచ్చిపడింది. ఊపిరి తీసుకునేలోపే, ఖాళీ అయిన ఆ తాళాన్ని ఇంకెవరో కదిపారు. అచ్చం అదే పద్ధతిలో.

సాయంత్రం ఎండెల్ ఫోను. "అమ్మాయ్, కొంప మునిగిందే! చిల్లిగవ్వ లేదు!"

"నేనే తీశాను మావయ్యా. భద్రంగా ఉంది. నా తాళంలోనే తప్పుంది."

అవతల గాలి హోరులోంచి, "నీ దగ్గరే ఉంచమ్మా. నువ్వు తీశావు కాబట్టి బతికిపోయాం," అన్నాడు.

పిరెత్‌కి ఆ మాట చెవికెక్కినట్టు లేదు. చూపు తెర మీదే ఉంది. చెయిన్‌లో ఎవరేం చేసినా లోకమంతటికీ కనిపిస్తుంది. తన కన్నం కూడా.

"ఆ రెండోవాడికి ముందే తెలుసా? నన్ను చూసి నేర్చుకున్నాడా?" అంది.

ఆ మాడ్యూల్‌ని ఎంతమంది దింపుకున్నారో అంకె కనిపిస్తోంది. వాళ్లెవరో మాకు తెలియదు, హెచ్చరించలేం. వాడికి ముందే తెలిసినా, ఇవాళ చూసి నేర్చుకున్నా, ఇక ఆ తాళం ఎక్కడున్నా తెరుస్తాడు.